ఆఖరి గడి

"గట్టిగా ఊదండి బాబాయ్. మొహమాటపడకండి," అంది సిస్టర్.

తాళాలాయన ఊదాడు. చేతిలో ఇమిడే చిన్న మిషను అది. ఊపిరిలో ఎంత పొగ ఉందో అంకె చూపిస్తుంది. మనిషి అబద్ధమాడినా అది ఆడదు. క్రితం వారం పద్దెనిమిది చూపించి అతని పరువు తీసింది.

సిగరెట్లు మాన్పించే వైద్యంలో ఇవాళ పన్నెండో వారం. ఆఖరిది. అంకె ఆరు దాటకూడదు.

దాటితే పోయేది అతని పరువొక్కటే అయితే బెంగలేదు. అది ఎప్పుడో పోయింది. గోడకానుకుని పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. సిస్టర్ రోజూ పొద్దున్నే పేషెంట్లకి ఫోన్ చేసి మాట్లాడడం ఆయనకి దండగ పనిలా కనిపిస్తోంది.

"ఈయన మానితే నీ ఫోన్లు సాగనిస్తా. లేదంటే రేపట్నుంచి మందుబిళ్లలిచ్చి పంపెయ్," అని ఇందాక మళ్లీ తేల్చి చెప్పాడు.

ఎవరి మీద ఆశ పెట్టుకుందో చూడండి, పిచ్చితల్లి!

మానేయడంలో అతనికి అనుభవం లేక కాదు. బడి ఏడో క్లాసులో మానేశాడు. ఫ్యాక్టరీ వాళ్లు పని మాన్పించారు. పెళ్లామైతే ఏ మందూ వాడకుండా, ఒక్క పూటలో అతన్నే మానేసి అన్నగారింటికి పోయింది. ఇప్పుడు రోడ్డువార గొడుగు కింద తాళాలు బాగుచేస్తాడు. జనం తాళం ఇస్తారు, తాళం తీసుకుంటారు. మొహం ఎవరూ చూడరు. చూసి తరించేంత మొహమూ కాదు లెండి.

ఇక్కడికి మొదట బావ వెంట వచ్చాడు. బావ నాలుగు వారాలకే సిగరెట్లు మానేసి బుద్ధిమంతుడైపోయాడు. ఇతనే జిడ్డులా మిగిలాడు. ఆ కాల్చడమైనా తిన్నగా చేతనవునా? కాల్చిన సిగరెట్లకంటే అగ్గిపుల్లతో కాల్చుకున్న వేళ్లే ఎక్కువ.

ఫోన్ మాత్రం రోజూ ఏడింటికి మోగేది.

"రాత్రి నిద్ర పట్టిందా బాబాయ్?"

"పట్టిందమ్మా."

"ఏమైనా తిన్నారా?"

"తింటాలే."

"తినండి. పావుగంటలో మళ్లీ చేస్తా."

నిజంగానే మళ్లీ చేసేది.

నాలుగు రోజుల కింద ఆ గొంతు బొంగురుపోయి వినిపించింది. "ఈసారి ఎలాగైనా మానండి బాబాయ్. లేకపోతే ఈ ఫోన్లు ఇంకెవరికీ చెయ్యనివ్వరు."

మానితే ఫైలు మూసేస్తారు, తనకి ఫోన్ రాదు. మానకపోతే ఎవరికీ రాదు. ఏడో క్లాసు బుర్రకి ఇదంతా తెగేసరికి ఆ రోజు మధ్యాహ్నమైంది. ఉన్న పెట్టె నలిపి కాలవలో పడేశాడు. అప్పట్నుంచి ధ్యాస నిలవక ఒకే తాళానికి మూడు చెవులు పాడుచేశాడు. ఊరికే పోతున్న పెద్దాయన్ని తిట్టి, వెంటపడి క్షమించమన్నాడు.

మిషను కీచుమంది.

మూడు!

సిస్టర్ చప్పట్లు కొట్టింది. డాక్టరు మిషను అందుకుని రెండుసార్లు చూశాడు.

"నీ ఎక్స్‌రే చూశా, ఊపిరితిత్తులు కూడా కుర్రాడివిలా ఉన్నాయయ్యా! ముప్పై ఏళ్లు కాల్చావంటే ఎవడూ నమ్మడు."

"నేనే నమ్మను సార్," అన్నాడతను.

"ఇంతకీ ఎలా మానావు?"

"ఈ అమ్మ అడిగింది సార్. రోజూ అడిగింది."

డాక్టరు మిషను తిరిగిచ్చేశాడు. "సరే, సాగనీ," అని సిస్టర్‌తో అని వెళ్లిపోయాడు.

ఫైలు మూయబోతూ ఆమె ఆగింది. "అయ్యో, ఆఖరి గడి నింపలేదు బాబాయ్. అసలీ అలవాటు మీకెలా అంటుకుంది?"

"ఏముందమ్మా, సావాసదోషం," అన్నాడు.

ఆమె నవ్వుతూ రాసుకుంది.

మూడు నెలల కిందట బావకి తోడొచ్చి ఇదే బల్ల మీద కూర్చుని, ఆమె బావని "రాత్రి నిద్ర పట్టిందా అన్నయ్యా?" అని అడగడం చెవిన పడేదాకా, అతను జన్మలో సిగరెట్టు ముట్టుకోలేదు.