ఫూమీ చూసిన బాంకాక్

"కళ్ళకు గంతలు కట్టి బాంకాక్ నడిబొడ్డున వదిలేయండి. వాసన చూసి ఏ సందో చెప్తాను" అన్నాడు ఫూమీ, జిగురన్నం ముద్దను వేళ్ళతో పిసుకుతూ.

"ఇప్పుడన్ని సందుల్లోనూ ఒకటే వాసనట మామయ్యా. కార్ల పొగ" అంది కోడలు మనీవన్.

"పొగలోనూ తేడా ఉంటుందే పిల్లా. ముక్కుండాలి."

సవన్నఖేత్‌లో నది ఒడ్డునే, మా ఇంటి పక్కనే వాళ్ళ ఇల్లు. పొట్టి వెదురు బల్ల చుట్టూ అందరూ అన్నానికి కూర్చున్నారు. కోతలైపోయాయి. కొడుకు సీథోన్ వ్యాను మాట్లాడేశాడు. వంతెన దాటితే అవతల థాయ్‌లాండ్, అక్కణ్ణించి ఒక పగటి ప్రయాణం. మనవరాలు తుయ్‌కి ఆకాశంలో పోయే రైలెక్కాలని ఉంది. మనీవన్‌కి పెద్ద బజారు చూడాలని ఉంది. ఫూమీకి మాత్రం అన్నిటికంటే ముందు అక్కడి గుళ్ళో ఉన్న పచ్చ బుద్ధుడి విగ్రహం.

"మన దేశం నుంచి ఎత్తుకుపోయి వందల ఏళ్ళయింది. బాగున్నావా స్వామీ అని అడగడానికి మనవాళ్ళు వెళ్ళొద్దూ? ఖాంపెన్, ఆ మిరప పచ్చడి ఇలా జరుపు."

ఖాంపెన్ ఆయన చెల్లెలు. ఉండేది వేరే ఊళ్ళో. ఆయన చెయ్యి చాపింది మనవరాలి వైపు.

తుయ్ పకపకా నవ్వింది. "నేను తుయ్‌ని తాతా!"

ఫూమీ కన్ను గీటాడు. "ముక్కు అచ్చం దానిదే కదే. మళ్ళీ వేరే పేరెందుకు, దండగ!"

అందరూ నవ్వారు, ఆయన భార్య బువావన్ తప్ప. ఆవిడ పచ్చడి గిన్నె తీసి ఆయన ముందు పెట్టింది.

ఏడాదిగా ఆవిడ అంతే. మాట తగ్గిపోయింది. పిలిస్తే పలకదు. భర్త ఎటు కదిలితే అటే చూస్తూ కూర్చుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ బాంకాక్ వెళ్ళి రెండేళ్ళు ఉండి వచ్చారు. ఆయన రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. ఆవిడ ఒక నూడుల్స్ కొట్లో గిన్నెలు కడిగేది.

సీథోన్ గొంతు తగ్గించాడు. "నాన్నా, అమ్మని అత్త దగ్గర దింపేసి వెళ్దాం. అంత జనంలో తప్పిపోతే ఎక్కడని వెతుకుతాం?"

బువావన్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "నేనూ వస్తాను" అంది. ఆ కళ్ళలో బెదురు అందరికీ కనిపించింది.

"నీకక్కడేం గుర్తుందని అమ్మా?"

"దానికి గుర్తుండక్కర్లేదురా, నేను లేనూ?" అన్నాడు ఫూమీ. "రేవులో పడవ దిగగానే ఎడమ పక్క చీనా వాడి కొట్టు..."

"కుడి పక్క" అంది బువావన్.

అందరి తలలూ ఆవిడ వైపు తిరిగాయి.

"ఎడమే. పచ్చ తలుపు."

"నీలం తలుపు. వానలకి రంగు పోతే నువ్వే మళ్ళీ వేశావు. తలుపు కంటే నీ ఒంటి మీదే ఎక్కువ పడింది."

"ఆ కొట్టు ముసలాయన పేరు హెంగ్."

"హెంగ్ ఆయన కుక్క. ఆయన పేరు లిమ్."

తుయ్ నవ్వుతూ తాత ఒళ్ళోకి ఒరిగిపోయింది. ఫూమీ కోడలి వైపు చూసి కన్ను గీటాడు.

"సాయంకాలం అయితే చాలు, నిన్ను సినిమాకి తీసుకెళ్ళేవాణ్ణి" అన్నాడు మళ్ళీ.

"ఒక్కసారి తీసుకెళ్ళావు. బొమ్మ పడకముందే నిద్రపోయావు. రోజూ వెళ్ళింది రేవు మెట్ల మీదికి. చేపలకని రొట్టె ముక్కలు తెచ్చి సగం నువ్వే తినేసేవాడివి." బువావన్ నది వైపు చూసింది. "పడవల దీపాలు నీళ్ళలో పొడుగ్గా సాగేవి. మన ఊరి నది కూడా ఇలాగే ఉంటుందని నేను ఏడిస్తే, ఇలాగే ఉంటే ఏడుపెందుకే అన్నావు."



"అమ్మా వస్తుంది" అన్నాడు సీథోన్.

బయల్దేరే ముందు రోజు ఇంట్లో దారాలు కట్టారు. ఒంట్లో ఉండే ప్రాణాలు ఎక్కడెక్కడో చిక్కుకుపోతాయని, ప్రయాణానికి ముందు వాటిని పేరుపేరునా వెనక్కి పిలిచి మణికట్టుకి తెల్ల దారం కట్టడం మా ఆనవాయితీ. పక్కింటివాణ్ణి కనుక నేనూ వెళ్ళాను. వాడకట్టులో ఎవరింటికైనా ఆ పిలుపు చదివేది ఫూమీయే.

"అడవిలో ఉన్నా రా, ఏట్లో ఉన్నా రా..." అంటూ ఖంగున మొదలుపెట్టి ఠక్కున ఆగాడు.

"పొలం గట్టున ఉన్నా రా" అని పక్క నుంచి మెల్లగా అందించింది బువావన్.

ఫూమీ కన్ను గీటి, "వింటున్నావో లేదో చూశా" అని మిగతాది చదివేశాడు.

ఆయన మణికట్టుకి దారం ఆవిడే కట్టింది. కడుతూ, ఆ పిలుపులో మేమెవరం వినని ముక్క ఒకటి చేర్చింది. "బాంకాక్ రేవు మెట్ల మీద ఉన్నా రా. ఈ మనిషిని వదిలి పోకు."

పళ్ళేలు సర్దుతూ మనీవన్ మామగారి చెవిలో గొణిగింది. "అత్తయ్య చేత మాట్లాడించాలనే ఆ రోజు అన్నీ తప్పు చెప్పారు కదూ? అన్ని సందులూ తెలిసినాయన తలుపు రంగు మర్చిపోతారా?"

"సందులా?" పడీపడీ నవ్వాడు ఫూమీ. "నెత్తిన బస్తా ఉన్నవాడికి కనపడేది ముందువాడి మడమలే పిల్లా! బాంకాక్ అంతా నాకు మడమలే!" అని మళ్ళీ కన్ను గీటాడు.

తెల్లారి వ్యానెక్కుతుంటే చూశాను. బువావన్ ఆయన చొక్కా అంచు రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని ఉంది.

ఇదంతా జరిగిందే. కథ బాగుంటుందని ఒక్కటి మాత్రం నేను కలిపాను.

ఫూమీ ఒక్కసారి కూడా కన్ను గీటలేదు.