కాఫీ డబ్బాలో వెండిచుక్క

గేటు దగ్గర తెల్లటి వల కనబడగానే కలేర్వో గోడకున్న అద్దాలపెట్టె తెరిచాడు. గుండుసూదితో సహా ఒక సీతాకోకను పీకి కాఫీ డబ్బాలో దాచేశాడు.

"ఏం చేస్తున్నావ్?" అంది భార్య ఐలా.

"దొంగ వస్తున్నాడు."

వచ్చింది వానలో నిలువెల్లా తడిసిన ఒక నడివయసు మనిషి. పేరు ఎర్కి అన్నాడు. సీతాకోకలంటే పిచ్చి అన్నాడు.

"ఈ చుట్టుపక్కల ఏది ఎగిరినా మీకు తెలుస్తుందట కలేర్వోగారూ. మిమ్మల్నే అడగమన్నారు."

పొగడ్త చెవికి తియ్యగానే ఉంది. కలేర్వో చూపు మాత్రం కాఫీ డబ్బా మీదికే పోయింది.

వాళ్ళ వేసవి ఇంటి వెనకున్న చిత్తడినేలలో, క్లౌడ్‌బెర్రీ మొక్కల మధ్య, వెండిచుక్కల సీతాకోక ఎగురుతుందన్న సంగతి ఈ దంపతులకు తప్ప ఎవరికీ తెలియదు. దక్షిణ ఫిన్లాండ్‌లో అది దొరకడమే గగనమైపోయింది. లంకెబిందె దొరికినవాడిలా కలేర్వో ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఉన్నాడు.

"కూర్చో బాబూ, కాఫీ పెడతాను," అంటూ ఐలా డబ్బా కోసం చెయ్యి చాపింది.

"కాఫీ అయిపోయింది!" అరిచాడు కలేర్వో.

"నిన్ననేగా కొన్నాం?"

"అయిపోయిందన్నానా! టీ ఇవ్వు."

కాఫీ లేని ఇల్లు ఆ దేశంలో ఉండదు. ఎర్కి మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ టీయే తాగుతున్నట్టు తాగాడు. యాలకుల బన్ను ఇంకోటి అడిగి మరీ తిన్నాడు. ఐలా మొహం వెలిగిపోయింది. కలేర్వోకు అదో మంట.

ఎర్కి అద్దాలపెట్టె ముందు నిలబడిపోయాడు.

"ఆరు కాళ్ళుండీ నాలుగింటి మీదే నిలబడే కుటుంబం! ముందు కాళ్ళు రెండూ చిన్న బ్రష్షుల్లా ముడుచుకుని... ఈ నెమలికన్నుదీ, ఈ ఎర్రపట్టీల అడ్మిరల్, ఈ చుక్కలవాళ్ళూ అంతా ఒకే ఇంటి చుట్టాలంటే ఎవరు నమ్ముతారు చెప్పండి?"

ఆ పెట్టెను అంత ప్రేమగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కలేర్వోకు క్షణంపాటు నోరు విప్పాలనిపించింది.

"మధ్యలో ఈ ఖాళీ ఏమిటండీ?"

"పురుగు పట్టింది. పారేశాను."

రేపు పేపర్లో వీడి ఫోటో, వీడి పేరు. ఎల్లుండి చిత్తడి నిండా వలలు. తలుచుకుంటేనే కలేర్వోకు ఒళ్ళు మండిపోయింది.

"తడిసి ముద్దయ్యావు. సౌనా వేడెక్కింది, వెళ్ళండి ఇద్దరూ," అంది ఐలా.

కాదనడానికి కలేర్వోకు సాకు దొరకలేదు. ఆ ఆవిరిగదిలో చెక్కబల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కాలిన రాళ్ళమీద నీళ్ళు పోస్తే ఆవిరి గుప్పుమంది.

"ఒక్కటి అడుగుతాను. మీ వెనక చిత్తడిలో ఆ వెండిచుక్కది ఉందా?"

సౌనాలో బొంకడమంటే అక్కడివాళ్ళకు చర్చిలో బొంకడంతో సమానం. కలేర్వో కళ్ళు మూసుకుని బొంకాడు.

"లేదు. ఉన్నవన్నీ దాని దాయాదులే. పైనుంచి చూస్తే అన్నీ నారింజరంగే. రెక్క అడుగువైపు చూస్తేగాని ఏది ఏదో తేలదు."

"మీరు చూశారా?"

"ప్రతి ఏడూ చూస్తున్నా."

ఎర్కి రాళ్ళమీద ఇంకో గరిటెడు నీళ్ళు పోశాడు.

"ఎండ లేనిదే అవి ఎగరవు. నాకేమో రేపటితో సెలవు అయిపోతుంది. మీరే లేదన్నాక ఇంక వెతకడం దేనికి లెండి," అన్నాడు.

అతను వెళ్ళిపోయాక ఐలా ఊరుకోలేదు.

"మంచివాడిలా ఉన్నాడు. చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మంచివాళ్ళే ముందు దోచుకుపోతారు."

"నన్నెవరైనా ఎత్తుకుపోతారని మాత్రం నువ్వు ఏనాడూ ఇంత బెంగపడలేదు," అందామె.

చలికాలమంతా పట్నంలో గడిచింది. జూన్ రాగానే మళ్ళీ వేసవి ఇంటికి వచ్చారు. సామాను దించకుండానే కలేర్వో చిత్తడి వైపు పరుగెత్తాడు.

చిత్తడి లేదు. ఈ చివరనుంచి ఆ చివరకు నల్లటి కాలువలు తవ్వేశారు. నీళ్ళన్నీ వాగులోకి జారిపోయాయి. క్లౌడ్‌బెర్రీ ఆకులు వాడి వేలాడుతున్నాయి. పొద్దంతా ఎండ కాసినా ఒక్క రెక్క కదల్లేదు.

తవ్వే యంత్రం పక్కన కూర్చుని ఒకతను రొట్టె తింటున్నాడు.

"ఎవడు తవ్వమన్నాడు?" కలేర్వో గొంతు చించుకున్నాడు.

"అటవీ కంపెనీ. నేల వాళ్ళదేగా. ఎండగట్టి పైన్ చెట్లు వేస్తారట."

"ఇక్కడ సీతాకోక ఉందయ్యా! ఇంకెక్కడా దొరకని సీతాకోక!"

"మీరూ అదే పాటా పెద్దాయనా? పోయినేడు ఒకాయన మావాళ్ళ ప్రాణాలు తోడేశాడు. అదొక్కటి ఉందని తేలితే ఈ చిత్తడి జోలికి రామని మాట కూడా తీసుకున్నాడు. తీరా తనే వచ్చి, లేదని చెప్పి తలవంచుకుని పోయాడు."

కలేర్వో కాలువ గట్టున కూలబడ్డాడు.

"ఆ ముక్క నాతో ఎందుకు... ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు అడుగుతున్నాడో చెప్పకూడదని మావాళ్ళ షరతు. చెబితే చిత్తడి మీద ప్రేమకొద్దీ ఎవరైనా ఉందనేస్తారుగా! ఎర్కి అట ఆయన పేరు."

అతను ఒళ్ళో పడ్డ రొట్టె పొడి దులుపుకుని లేచాడు.

"అదేం మనిషోగానీ, చిత్తడి మిగిలితే దానికి తన పేరు వద్దనీ, ఇన్నేళ్ళూ దాన్ని కనిపెట్టుకుని ఉన్న కలేర్వో అనే పెద్దాయన పేరే పెట్టాలనీ అందరినీ పట్టుబట్టి ఒప్పించాడట."