దొరగారి పడవ పరీక్ష

“ఏందయ్యా, పడవల రాళ్లు నింపుతున్నవ్? పిచ్చి గిట్ల లేసిందా?” చేపల బుట్ట కింద దించి అడిగింది సాలవ్వ.

“సప్పుడు చెయ్యకు. మీదికెల్లి పలక కప్పుత. ఎవ్వలకు కానరాదు,” అన్నాడు ఆమె మొగుడు ఆశన్న.

నిజాంసాగర్ కట్టి ఏడేళ్లయింది. ఆ ఏడు సాగర్ నిండుగా ఉంది. ఆశన్నకు ఆస్తి అంటూ ఉన్నది ఆ చేపల పడవ ఒక్కటే. బొంబాయి రేవులో మూడేళ్లు కూలి చేసి, గాలితో పడవ నడిపే కిటుకు నేర్చుకొచ్చి, తన చేతులతో కట్టుకున్నాడు. సాలవ్వ పాత చీరలు రెండు కలిపి కుడితే అదే తెరచాప అయింది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల తెరచాప ఉన్న పడవ ఇంకోటి లేదు. ఇప్పుడా గొప్పే వాళ్ల కొంప ముంచేటట్టుంది.

ఎందుకంటే ఊరి దొరగారు కూడా ఈమధ్యే బొంబాయి వెళ్లొచ్చారు. అక్కడ తెల్లవాళ్ల పిల్లలు చిన్న చిన్న తెరచాప పడవలు నడుపుతుంటే చూశారు. మన పిల్లలేం తక్కువ తిన్నారని, ఇద్దరు కొడుకులనూ నలుగురు మేనల్లుళ్లనూ నావికులను చేయాలని నిశ్చయించారు. ఆ ఆరుగురిలో ఒక్కడికీ ఈత రాదు. ఆ ముక్క దొరగారికి చెప్పే ధైర్యం ఈత వచ్చినవాళ్లకు లేదు. పిల్లలు నేర్చుకోవడానికి తగిన పడవను ఎంపిక చేస్తామని, పడవలున్నవాళ్లు బుధవారం రేవుకు తేవాలని దండోరా వేయించారు. నచ్చిన పడవ వెట్టి కింద దొరగారుండే గడీకి పోతుంది. గడీకి పోయింది ఏదైనా తిరిగి రావడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

“పడవ గుంజుకుంటే ఎట్ల బతుకుతమయ్యా?” అంది సాలవ్వ.

“గుంజుకోనియ్య. లింగం జెప్పిండు గద, గడీల ఏదీ మంచిగ చెయ్యొద్దని.”

వడ్రంగి లింగం అది అనుభవం మీద చెప్పిన మాట. నాలుగేళ్ల కిందట అతన్ని ఒక్క తలుపు కోసం పిలిచారు. పనితనం ఆపుకోలేక దాని మీద నగిషీ చెక్కాడు. అంతే, అప్పటి నుంచి రోజూ పొద్దున గడీకి పోయి చీకటి పడ్డాక వస్తున్నాడు. కూలి లేదు. మొన్న దొరగారి హుకుం మీద ఒక పడవ కూడా చేశాడు గానీ, అప్పటికి బుద్ధి వచ్చింది కాబట్టి మనసు పెట్టకుండా చేశాడు.

బుధవారం రేవు దగ్గర షామియానా వేశారు. దొరగారు కుర్చీలో కూర్చున్నారు. కామారెడ్డి స్టేషన్‌లో పార్సిల్ విడిపించి తెచ్చిన బొంబాయి పుస్తకాన్ని మున్షీ సీతారాం భక్తిగా తెరిచాడు.

“మొదటిది. పడవ తేలికగా ఉండాలి. ఇద్దరు పిల్లలు ఒడ్డుకు లాగగలగాలి.”

ఆ పుస్తకం అచ్చం ఆశన్న పడవను చూసి రాసినట్టే ఉంది. ఆరుగురు మగవాళ్లు వచ్చి లాగారు. పడవ జానెడు జరిగింది.

“బాగ బరువు దొరా, బాంచెన్. ఎడ్లను కట్టాలె,” అన్నాడు ఆశన్న వినయంగా.

“రెండవది. నీళ్లు కారరాదు.”

పదిమంది కలిసి పడవను నీళ్లలోకి తోశారు. కొంత దూరం పోగానే, పలకల సందున కుక్కిన గుడ్డపేలికను ఆశన్న కాలి బొటనవేలితో పీకేశాడు. నీళ్లు బుసబుసా పొంగాయి. ఒక చేత్తో తెరచాప తాడు పట్టుకుని, ఒక చేత్తో సొరబుర్రతో నీళ్లు తోడుతూ, చుక్కానిని మోకాలితో నొక్కిపెట్టి ఒక చుట్టు తిప్పాడు.

“మూడవది,” ఒడ్డు మీంచి మున్షీ అరిచాడు. “గాలికి ఒరిగితే పడిపోరాదు!”

ఆశన్న తాడు బిగించి పడవను గాలికి అడ్డం తిప్పాడు. పడవ పక్కకు వాలి బోర్లా పడింది. రాళ్లన్నీ సాగర్ పాలయ్యాయి. అంతవరకు బాగానే ఉంది గానీ, నీళ్లు నిండిన పడవ లోతుకు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. దక్కించుకోవడానికి ఆడిన నాటకంలో పడవే పోయేటట్టుంది. ఒడ్డున సాలవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆశన్న ఈది దాన్ని అందుకున్నాడు. అంచు మీద నిలబడి బరువంతా వేసి తిరగేశాడు. పేలిక మళ్లీ కుక్కి, నీళ్లు తోడి, తడిసిన చీరల తెరచాపతో, ఎదురుగాలిలో అటు కొంత ఇటు కొంత కోసుకుంటూ సరిగ్గా షామియానా ముందుకు తెచ్చి ఆపాడు.

దొరగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

తర్వాత లింగం పడవ వంతు. ముందు దొరగారు చెప్పి పెట్టించిన నెమలి తల, లోపల మెత్తటి దిండు. నీళ్లలోకి తోస్తే ఒడ్డు బురదలోనే కూర్చుంది.

“సూడు, ఎంత నిబ్బరంగున్నదో! ఒరగలే, కారలే,” అన్నారు దొరగారు.

“కదల్లే గూడ దొరా,” అన్నాడు మున్షీ.

“పిల్లలకు అదే క్షేమం. ఇదే ఖాయం. రాస్కో.”

ఆశన్నకు కడుపు నిండినట్టయింది. జనంలో సాలవ్వ ఏడుస్తూ నవ్వుతోంది. ఆమెను చూసి అతని కళ్లూ చెమర్చాయి. వంగి దండం పెట్టాడు.

“నా పడవ తీస్కపోత దొరా, బాంచెన్.”

“ఆగు. గసొంటి ఓటి పడవను ఎదురుగాలిల ఒక్కనివే ఒడ్డుకు తెచ్చినవా రా?”

“ఎట్లనో తెచ్చిన దొరా. పడవల ఏం లేదు దొరా, ఉత్త దండుగ పడవ.”

“నిజమే, పడవల ఏం లేదు,” అని దొరగారు మున్షీ వైపు తిరిగారు.

“పడవను ఇంటికి పంపు, వీన్ని గడీల ఉంచు.”