గోధుమరంగు అద్దాలు

"ఇవీ వద్దండీ," అంటూ టైలరు నాలుగో జత గాగుల్స్‌ను కూడా పక్కకు జరిపేశాడు.

షాపాయనకు చిరాకేసింది. ఈ మనిషి వచ్చి అరగంటైంది. చేతిలో హెల్మెట్ లేదు, బయట బండీ లేదు. మెడలోని కొలతల టేపు తీసి రావడం కూడా మరిచిపోయాడు. బట్టల కొట్టుకు పోబోయి పొరపాటున ఈ మెట్లెక్కినట్టున్నాడు.

"ముఖం తెరిచి ఉండే హెల్మెట్ మీదికి అందరూ ఈ తెల్ల అద్దాలే పట్టుకెళ్తారండీ. దుమ్ము రాదు, గాలి కొట్టదు. అసలు మీకు ఎలాంటివి కావాలో చెబితే నా పని తేలికవుతుంది."

టైలరు గోడకున్న ఫొటో వైపు చూశాడు. అందులో షాపాయన పాతకాలం మోటారు సైకిలు మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. కళ్ళకు తోలు అంచు గాగుల్స్. వాటికి గోధుమరంగు అద్దాలు.

"అవి. మీరు పెట్టుకున్నారే, అచ్చం అలాంటివే."

షాపాయన ముఖం వికసించింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ," అంటూ కింది అరలోంచి ఒక పెట్టె తీశాడు. గాగుల్స్ పైకి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి చేతిలో పెట్టాడు. "వెనకటి మోడలు. ఇప్పుడీ పనితనం ఎక్కడా దొరకదు."

టైలరు ముందు అద్దాలు చూడలేదు. తోలు అంచు మీది కుట్టును బొటనవేలి గోటితో తడిమాడు. "కుట్టు బాగుంది," అన్నాడు నెమ్మదిగా.

షాపాయన అతని తలకు ఒక హెల్మెట్ తొడిగి, గాగుల్స్ పట్టీని దాని మీదుగా లాగి వెనక బిగించాడు. వదులుందేమో వేలు దూర్చి చూశాడు.

"లోపలంతా మసగ్గా ఉందండీ," అన్నాడు టైలరు.

"షాపులో అలాగే ఉంటుంది. బయటికి రండి."

ఇద్దరూ మెట్లు దిగారు. ఎండ మేడల వెనక్కి జారిపోయింది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. టైలరు రోడ్డు అంచున నిలబడి వచ్చే బళ్ళనీ పోయే బళ్ళనీ చాలాసేపు చూశాడు. ఎదుటి మందుల షాపు ముందు ఒకామె చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడానికి చూస్తోంది. వాళ్ళు దాటి ఇవతలికి వచ్చేదాకా అతను అటే చూస్తూ నిలబడ్డాడు.

"కాస్త చీకటిగా ఉన్నట్టే ఉంది కదండీ," అన్నాడు, అవునంటే బాగుండునన్నట్టు.

"చీకటా? ఆ మందుల షాపు బోర్డు కింద చిన్నక్షరాలున్నాయి. చదవండి."

టైలరు చదివాడు. చివరి అక్షరం దాకా చదివాడు.

"మరి రంగులో? పసుపు లాంటివి మాసిపోయినట్టు కనిపిస్తాయేమో."

షాపాయన నవ్వాడు. "మీ వృత్తి ఎక్కడికి పోతుంది లెండి. పసుపైతే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ గోధుమరంగు గొప్పతనమే అది."

"బండి బాగా స్పీడు మీదున్నప్పుడు?"

"చూపుకి స్పీడుతో ఏం పనండీ?"

"ఏమనుకోకండి. ఇవి చీకటిగా ఉన్నాయా లేవా అని మా ఆవిడ అడుగుతుంది. ఖాయంగా చెప్పాలి."

"మా ఇంట్లోనూ అంతే. ఏది కొన్నా నా దగ్గర వాంగ్మూలం తీసుకుంటారు."

టైలరు నవ్వలేదు. "మీరు ఈ వేళప్పుడు నడిపారా, ఇవి పెట్టుకుని?"

వెంట తెచ్చిన పెట్టె మూత తుడుస్తున్న షాపాయన చెయ్యి ఆగింది. ఒకసారి రోడ్డు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళంతా చూసి పోయినవాళ్ళే. ఇంత దాకా వచ్చిన బేరాన్ని వదులుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది.

"నడపకేం? ఏళ్ళ తరబడి నడిపాను. రోడ్డు మీద చీమ పాకినా కనిపించేది."

"ఒక్కసారైనా కనిపించకపోవడం జరగలేదా? ఒక్కసారి. బాగా ఆలోచించుకుని చెప్పండి." టైలరు గొంతులో బతిమాలుతున్న ధోరణి వినిపించింది.

"ఒక్కసారి కూడా లేదు. అమ్ముకోవాలని చెప్పే మాట కాదిది, నమ్మండి."

టైలరు తల ఊపాడు. గాగుల్స్ తీశాడు. హెల్మెట్ తీశాడు. రెండింటినీ జాగ్రత్తగా షాపాయన చేతుల్లో పెట్టాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"కొత్త తోలు కదండీ, ఆ ఘాటుకి నీళ్ళొస్తాయి. రెండ్రోజుల్లో అలవాటైపోతుంది," అన్నాడు షాపాయన. "ప్యాక్ చెయ్యమంటారా?"

"వద్దండీ."

"అదేంటి? ఇంతసేపు చూసి..."

టైలరు మెడలోని టేపు తీసి వేళ్ళకు చుట్టుకున్నాడు.

"మా ఇంటికి మీ వకీలు వచ్చాడు గానీ మీరు రాలేదు. అందుకే నన్ను గుర్తుపట్టలేదు," అన్నాడు. "మీ బండి కింద పోయిన మా పాప ఈ అద్దాల మసకలో మీకు కనిపించలేదని పోలీసులకు రాసిచ్చారట. అదైనా నిజమైతే బాగుండునని వచ్చానండీ."