ఇంకా తొమ్మిది గంటలు

“మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటికొస్తుందాండీ?” అడిగింది ఆమె.

“రాదు మేడమ్. దిగినంతవరకూ భద్రంగా ఉంటుంది. ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకుంటుంది,” అన్నాడు రిపేరాయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కో వరసా పైకి జరుగుతున్నాయి. అడుగున లెక్క కనిపిస్తోంది. ఇంకా తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు.

ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దుతుంది. ఆమె కంప్యూటర్ని నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఐదేళ్ళ నాటిది. తాము పంపే కొత్త ఫైళ్ళు అందులో తెరుచుకోవని, నెలాఖరులోగా మార్చుకోమని ప్రెస్సు వాళ్ళు తేల్చి చెప్పారు. మార్చాలంటే కొత్తదంతా నెట్ లోంచి దిగాలి. ఆ ఇంట్లో నెట్ చూస్తే నత్తకు కూడా విసుగొచ్చేలా ఉంటుంది.

రిపేరాయనకు మాత్రం విసుగు లేదు. రేడియో అయినా కంప్యూటర్ అయినా విప్పి చూడందే ఊరుకోని మనిషి. అందుకే వీధిలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పొద్దున పదింటికి వచ్చి కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, పూజారంత శ్రద్ధగా కూర్చున్నాడు.

“ఏవండీ, టీ,” అంటూ కప్పు పక్కన పెట్టింది.

“ఎందుకండీ మీకు శ్రమ?” అంటూనే ఒక గుక్క తాగి ఆశ్చర్యపోయాడు. “పంచదార సరిగ్గా నాకు కావలసినంతే వేశారే!”

“కుదిరిందిలెండి.”

సాయంత్రం ఐదు కాగానే ఆయన లేచి నిలబడ్డాడు. “ఇక ఇంటికెళ్ళాలి మేడమ్. మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది.”

ఆమె గుమ్మం వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసింది. “చూస్తుందండీ. కానీ పని సగంలో ఉంది కదా?”

ఆయన తల గోక్కున్నాడు. “నిజమే. సగంలో వదిలేసి వెళ్తే మా ఆవిడే నన్ను గుమ్మం బయట నిలబెడుతుంది,” అంటూ నవ్వి కూర్చున్నాడు.

ఆ నవ్వుకు ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు ఆడపడుచు వచ్చింది. గదిలోకి తొంగి చూసింది. రిపేరాయన లేచి మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఆడపడుచు ముఖం తిప్పుకుని వంటింట్లోకి నడిచింది.

“ఏంటి వదినా ఇది? నా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెడితే గంటలో అయిపోయే పని. పోనీ నిన్న సాయంత్రం కావాలని ఆపకుండా వదిలేసినా తెల్లారేసరికి దిగిపోయేది కదా?”

“తొందరేముంది? నెమ్మదిగానే రానీ.”

“ఎన్నాళ్ళని ఇలా? డాక్టరు ఏం చెప్పాడో గుర్తుంది కదా?”

“ఆయన ఆ కుర్చీలో కూర్చుంటే ఇల్లు ఇల్లులా ఉంది. కూర్చున్నంతసేపూ కూర్చోనీ.”

ఆడపడుచు కడిగిన కప్పులనే మళ్ళీ కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

మధ్యమధ్య ఆగుతూ సాగుతూ మూడో రోజు మధ్యాహ్నానికి దిగడం పూర్తయింది. అసలు పని మొదలయింది. కాసేపటికి తెర మీద ఒక ప్రశ్న వచ్చి ఆగింది. పాత ఫైలునే ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతోంది.

“కొత్తది పెడితేనే మంచిది మేడమ్. ఎందుకైనా మంచిది, తేడా ఏంటో చూద్దాం,” అని రిపేరాయన పాత ఫైలు తెరిచాడు. కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞల మధ్య ఎవరో తమ కోసం రాసుకున్న మాట ఒకటి ఉంది. ఆయన పైకి చదివాడు.

“‘ఆవిడ కళ్ళకు చిన్న అక్షరాలు ఆనవు. ఎంత కొత్త వెర్షన్ వచ్చినా ఈ సైజు మార్చకూడదు.’ ఎవరు రాశారండీ ఇది?”

“మావారు.”

“పని తెలిసిన మనిషే.” వేలితో ఆ వరసను మళ్ళీ తడిమాడు. “ఎక్కడుంటారు ఇప్పుడు?”

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. “కాస్త దూరంగా ఉన్నారండీ.”

“వచ్చేస్తారులెండి. ఇంత ప్రేమ ఉన్నవాడు ఎక్కువ రోజులు దూరంగా ఉండలేడు.” ఆయన పాతదే ఉంచమని మీట నొక్కాడు. “ఇది ఇలాగే ఉండాలి.”

కంప్యూటర్ ఆగి, మళ్ళీ వెలిగింది. ప్రెస్సు ఫైలు తెరుచుకుంది. అక్షరాలు పెద్దగా, స్పష్టంగా ఉన్నాయి. ఆమె కళ్ళజోడు లేకుండానే మొదటి వాక్యం చదివింది. రిపేరాయన మురిసిపోయి చేతులు దులుపుకున్నాడు.

“అయిపోయింది మేడమ్. ఇక వెళ్తాను. పాపం మా ఆవిడ మూడు రోజులుగా ఎదురుచూస్తోంది.”

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె వెనకే రెండడుగులు వేసింది.

“ఏవండీ, ఆగండి. లోపల ఇంకో కంప్యూటర్ ఉంది. అది ఇంకా పాతది.”

ఆయన వెనక్కి తిరిగాడు. “ఈ నెట్‌తోనా?”

“ఈ నెట్‌తోనే.”

“వారం పడుతుంది మరి, మీ ఇష్టం.”

“పట్టనీండి.”

ఆయన నవ్వుతూ వచ్చి మళ్ళీ కుర్చీ లాక్కున్నాడు. “పనంటే కాదనలేను. మీరు కూడా కూర్చోండి, ఎంతసేపని నిలబడతారు?”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెను ‘మీరు’ అనడం ఈ ఏడాదే మొదలు.