ఉయ్యాలకు తెలియని కారణం

ఇంటర్ మధ్యలోనే పెళ్లయినా దాన్ని పూర్తిచేసిన హైమావతి, పాప పుట్టాక ఇంట్లోంచే డేటా సైన్స్ డిగ్రీ చదువుతోంది. అది రాబోయే కాలం; బిడ్డ ఎందుకేడుస్తోందో ఉయ్యాలలే చెబుతాయి. వాటికి ఒక ఏడుపు వినిపించి, కారణం నేర్పడమే ఆమెకు పరీక్ష.

పాప గుక్కపట్టింది. "ఆకలి" అంది ఉయ్యాల. ఇప్పుడే పాలు తాగిందని హైమ ఎత్తుకోబోయింది.

"చేతికి అలవాటు చేయకే! ఉయ్యాల కంటే నీకెక్కువ తెలుసా?" అంది అత్త.

అయినా ఎత్తుకుంది. పాప ఠక్కున ఊరుకుంది.

ఆ ఏడుపునే ఆమె పరీక్షకు పెట్టింది. రాయదగ్గ కారణాలు నాలుగే: ఆకలి, నిద్ర, నొప్పి, తడి. ఇవి కాక ఇంకేం రాసినా తప్పే, ఏడాది పోతుంది. హైమ "అమ్మ కావాలి" అని రాసింది.

పరీక్ష పోయింది. రాసింది మాత్రం, అందరి జవాబుల్లాగే, ఉయ్యాలలకు చేరింది.

మళ్లీ అదే పరీక్షకు చదువుతుంటే పాప ఏడ్చింది. "అమ్మ కావాలి" అంది ఉయ్యాల.

వంటింట్లోంచి అత్త కేకేసింది: "ఉయ్యాలే చెబుతోంటే ఇంకా చూస్తావేంటే? ఎత్తుకో!"