మెట్ల మీద సిగ్నల్

"మీ మూడు నిమిషాలూ అయిపోయాయి స్లోవిక్‌గారూ," అంది బోర్డు అధ్యక్షురాలు. మైకు పక్కన ఎర్రదీపం వెలిగింది.

ఎమిల్ స్లోవిక్ కదల్లేదు. తమ వీధి చర్చి గంటగోపురంలో యాంటెన్నా పెడతామని ఓ సెల్‌ఫోన్ కంపెనీ పిట్స్‌బర్గ్ నగర బోర్డును అనుమతి అడిగింది. వద్దని చెప్పడానికి వచ్చాడు ఎమిల్. పావురాలు బెదిరి ఎగిరిపోతాయన్నాడు. పాత గోపురం బరువు మోయలేదన్నాడు. కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి అన్నిటికీ ఫొటోలు చూపించి మర్యాదగానే జవాబు చెప్పింది. అసలు సంగతి మాత్రం ఎమిల్ గొంతు దాటి ఇంకా బయటికి రాలేదు.

"ఇంకొక్క మాటమ్మా," అన్నాడు.

"మీకు ఒక్క మాటకి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలండీ. వెనక ఇంకా మాట్లాడేవాళ్లున్నారు." ఆమె చెయ్యి మైకు ఆపే మీట మీదికి వెళ్లింది కానీ, దాన్ని నొక్కలేదు.

"నా మూడు నిమిషాలు ఆయనకిచ్చేస్తున్నానండీ," అని వెనక బెంచీ నుంచి వినిపించింది. ఎదురింటి రోజెట్టా. నర్సు. ఆస్పత్రి బట్టల్లోనే వచ్చింది.

మాట్లాడతామని ముందే పేరిచ్చినవాళ్లు తమ సమయాన్ని మరొకరికి ఇవ్వొచ్చు. ఇచ్చాక మాత్రం ఇక మాట్లాడటానికి వీల్లేదు. బోర్డు నియమం అది. అధ్యక్షురాలు ఆ మాటే గుర్తు చేసింది.

"తెలుసండీ. పొద్దున్నించి వార్డులో వాగి వాగి నా నోరు నొప్పెడుతోంది," అంది రోజెట్టా.

"నావి కూడా రాసుకోండి," అన్నాడు ఆమె పక్కన కూర్చున్న ప్లంబర్ కార్మైన్. "లేకపోతే ఈ పెద్దాయన తెల్లారేదాకా ఆ మైకు వదలడు. మహా మొండి."

వీధి చివరింటి లోరెయిన్ కూడా చెయ్యెత్తింది. "నావీను."

ఎమిల్ వెనక్కి తిరిగి చూశాడు. వీళ్లెవర్నీ తను రమ్మని అడగలేదు. అయినా తన కోసం పనులు మానుకుని వచ్చారు. తన వైపు ఇంతమంది ఉన్నారన్న ధైర్యం వచ్చింది అతనికి.

"అసలు మాట చెప్తానమ్మా. మా వీధి రెండు కొండల మధ్య గుంటలో ఉంటుంది. ఎవరింట్లోనూ సిగ్నల్ రాదు. మా ఇంటి మెట్ల మీద మాత్రం వస్తుంది. ఎందుకొస్తుందో నాకూ తెలీదు. ల్యాండ్‌లైన్లు అందరూ ఎప్పుడో తీయించేశారు. ఎవరికి ఫోన్ కావాలన్నా నా మెట్లే గతి. ఈ కార్మైన్ పొద్దున్నే వచ్చి కూర్చుని, ఆ పైపు పగిలింది ఈ కుళాయి కారింది అని వీధంతా వినపడేలా అరుస్తాడు. నేను కాఫీ ఇస్తాను. తాగి, బాగాలేదంటాడు."

"బాగుండదు మరి," అన్నాడు కార్మైన్.

"మీరు మాట్లాడకూడదండీ. మీ సమయం ఇచ్చేశారు," అంది అధ్యక్షురాలు.

"ఈ రోజెట్టా వాళ్లమ్మ ఊరికి ఆ చివర ఒంటరిగా ఉంటుంది. గుండె జబ్బు మనిషి. ఈ పిల్ల డ్యూటీ నుంచి రాగానే ఇంటికైనా వెళ్లకుండా నా మెట్లెక్కి, మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది. మొన్న మంచు కురుస్తుంటే నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ హెలెన్ పోయాక మా ఇంట్లో వినపడే గొంతులు అవేనమ్మా. యాంటెన్నా వచ్చిందంటే ఎవరి వంటింట్లో వాళ్లు మాట్లాడుకుంటారు. నా మెట్లెక్కే పని ఎవరికుంటుంది? అందుకే వద్దంటున్నాను. పావురాల గొడవంతా నేను అల్లిందే."

కంపెనీ అమ్మాయి తన ముందున్న మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరిపింది. అతను రెండు గుక్కలు తాగి, థాంక్స్ చెప్పి, వచ్చి రోజెట్టా పక్కన కూర్చున్నాడు.

"వద్దనేవాళ్లు అయిపోయారు. ఇప్పుడు కావాలనేవాళ్లు," అంది అధ్యక్షురాలు. "ఆ వీధి నుంచే ముగ్గురున్నారు." చేతిలోని జాబితా మళ్లీ చూసుకుంది. "రోజెట్టా గెయిన్స్."

రోజెట్టా లేవలేదు.

"కార్మైన్ బెలూచి."

కార్మైన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"లోరెయిన్ టకర్."

లోరెయిన్ కోటు గుండీలు పెట్టుకోసాగింది.

ఎమిల్ రోజెట్టా వైపు వంగి, "నువ్వు కావాలని చెప్పడానికి వచ్చావా?" అని గొణిగాడు.

"రాత్రిళ్లు అమ్మకేదన్నా అయితే నా మంచం పక్కన ఫోన్ మోగాలి కదా ఎమిల్‌గారూ."

"మరి నీ సమయం నాకెందుకిచ్చావ్?"

"మీ గొంతు వణికింది," అంది రోజెట్టా. "వాళ్లిద్దర్నీ మాత్రం నేను అడగలేదు."

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కావాలనడానికి ఆ వీధిలో ఒక్కరూ మిగల్లేదన్నమాట. అలాంటప్పుడు బోర్డు ఈ అర్జీని..."

ఎమిల్ లేచాడు. బెంచీలు పట్టుకుంటూ నడిచి మళ్లీ మైకు ముందు నిలబడ్డాడు.

"మీ వంతు అయిపోయింది కదా స్లోవిక్‌గారూ?"

"వీళ్లు నాకిచ్చిన నిమిషాలు ఇంకా మిగిలే ఉన్నాయి కదమ్మా," అన్నాడు ఎమిల్. "వీళ్లు చెప్పాలని వచ్చిందంతా నేను చెప్తాను."